రైలుకో పుస్తకం, పుస్తకానికో వరుస

[తెరపై: అంచులు నలిగిన పొడవాటి రిజిస్టరు. వేలితో పేజీ తిప్పుతున్న చెయ్యి.]

1985కు ముందు రైలు రిజర్వేషన్ అంటే ఈ పుస్తకమే. రైలుకొకటి, తేదీకో పేజీ. బెర్తు నంబరు ఎదుట క్లర్కు మీ పేరు రాస్తే ఆ బెర్తు మీది.

అందుకే ఒక్కో కౌంటరులో కొన్ని రైళ్లకే టికెట్లు ఇచ్చేవారు. పక్క కిటికీ ఖాళీగా ఉన్నా మీకు పనికిరాదు, మీ రైలు పుస్తకం అక్కడ లేదు మరి. చెమటలు కక్కుతూ కిటికీ దాకా చేరితే, "ఆ బండి నిండిపోయిందండీ" అన్న మాట. ఇంకో బండి కావాలా? ఇంకో వరుస, మళ్లీ తోక దగ్గర నుంచి.

జనం క్లర్కును తిట్టుకున్నారు. పాపం, అతనేం చేస్తాడు? ఒకే పుస్తకం రెండు కిటికీల దగ్గర ఉండదు. ఇద్దరు చెరో ప్రతి పెట్టుకుని రాస్తే ఒకే బెర్తు ఇద్దరికి వెళుతుంది.

[తెరపై: రెండు కౌంటర్లు, మధ్యలో ఒకే బెర్తు.]

1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆ పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కింది. ఏ కిటికీలోనైనా ఏ రైలైనా అడగవచ్చు. ఇద్దరూ ఒకే బెర్తు కోరితే, మొదటివారి పని ముగిసేదాకా రెండోవారిని యంత్రం ఆపుతుంది.

తమాషా ఏమిటంటే, తర్వాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లకూ కంప్యూటర్లు వచ్చాయి కానీ అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. చిన్న పుస్తకాలు పోయి ఐదు పెద్ద పుస్తకాలు వచ్చాయంతే! ఢిల్లీ వెళ్లేవారికి తిరుగు టికెట్ తిప్పలు తీరలేదు. వీటిని కలిపేందుకు రైల్వే వారి కంప్యూటర్ విభాగమైన క్రిస్ సంస్థ రాసిన 'కాన్సర్ట్' సాఫ్ట్‌వేర్ 1994లో తొలిసారి నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్‌కు ఐదు కేంద్రాలూ కలిశాయి.

నా లెక్కలో యంత్రాలను కలపడం కన్నా కష్టమైన పని ఇంకొకటుంది. మహిళల కోటా, మధ్య స్టేషన్ల కోటా, రాయితీలు, ఆర్‌ఏసీ (బెర్తు దొరికేదాకా కూర్చోవడానికి చోటు), వెయిటింగ్ లిస్టు... పాత క్లర్కులకు కంఠతా వచ్చిన ఈ నియమాలన్నిటినీ ఒక్క మినహాయింపూ జారిపోకుండా యంత్రానికి చెప్పాలి.

[తెరపై: సికింద్రాబాద్–విజయవాడ–విశాఖపట్నం గీత.]

ఒకరు సికింద్రాబాద్‌లో ఎక్కి విజయవాడలో దిగారనుకోండి. అక్కడి నుంచి విశాఖ దాకా ఆ బెర్తు ఖాళీ. పుస్తకంలో అదే గడిలో రెండో పేరు ఇరికించాలి. యంత్రానికైతే బెర్తును ప్రయాణపు ముక్కలుగా చూడటం నేర్పవచ్చు. అయినా ఆ ఖాళీ ముక్క ఏ కోటాకు చెందుతుందో తేల్చాల్సింది రైల్వే అధికారులే. వారు తేల్చకపోతే బెర్తు విశాఖ దాకా ఖాళీగానే వెళుతుంది.