యాప్ ఉండగా డిగ్రీ ఎందుకు? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ తన హెర్బేరియాన్ని, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే భండారాన్ని, మూసేస్తున్నట్టు 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. వందేళ్ళకు పైబడిన సేకరణ, దాదాపు 8 లక్షల 25 వేల నమూనాలు. వాటిని వేరే సంస్థలకు పంపేస్తామన్నారు. మొక్కలు, నేల, వన్యప్రాణుల చదువులకు యూనివర్సిటీల్లో ఇంకా చోటుందా అన్నది ఇవాళ్టి ప్రశ్న. మేడమ్, ఫోటో తీస్తే ఫోన్ యాప్ మొక్క పేరు చెప్పేస్తోంది. ఈ ఎండుటాకులు దేనికి?

వృక్షశాస్త్ర ప్రొఫెసర్: పేరు కోసమే అయితే సరేనండి. 1987లో వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త పాత హెర్బేరియం ఆకుల మీద పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాలు, లెక్కపెట్టారు. రెండు వందల ఏళ్ళలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, రంధ్రాల సాంద్రత 40 శాతం దాకా తగ్గింది. ఆ ఆకులు దాచినవాళ్ళు ఈ ప్రశ్న ఊహించనైనా...

నేలశాస్త్ర ప్రొఫెసర్: ఒక్క నిమిషం. ఆకు సంగతి సరే, మొక్క నిలబడేది దేని మీద? మట్టి గురించి ఎవరూ అడగరేం? 1930ల్లో అమెరికా మైదానాల్లో గడ్డినేలలు దున్నేశారు, వానలు పోయాయి, పైమట్టి గాలికి లేచింది. 1935లో నేల సంరక్షణ కోసం బెన్నెట్ అనే నేలశాస్త్రవేత్త అక్కడి పార్లమెంటు, అదే కాంగ్రెస్, ముందు వాదిస్తున్న రోజుల్లో ఆ దుమ్ము వాషింగ్టన్ దాకా వచ్చింది! ఆ ఏప్రిల్‌లోనే నేల సంరక్షణ చట్టం. సెంటీమీటరు మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది సార్!

యాంకర్: మట్టికీ సెన్సర్లొచ్చాయి కదా, సార్? యాప్‌లోనే తేమ కనిపిస్తుంది.

నేలశాస్త్ర ప్రొఫెసర్: తేమ కనిపిస్తుంది. వాలు మీద కోత ఎక్కడ మొదలవుతుందో నడిచి చూడాలి. నడవాలి!

వన్యప్రాణి నిర్వహణ అధ్యాపకుడు: నేనొక మాట...

నేలశాస్త్ర ప్రొఫెసర్: పూర్తి చేయనివ్వండి. నేను చెప్పేది ఒకటే. మూడు శాఖలూ కలిపెయ్యండి. ఒకటే డిగ్రీ, సగం రోజులు బయటే.

వృక్షశాస్త్ర ప్రొఫెసర్: కలిపితే ముందు పోయేది మొక్కల్ని గుర్తించి వర్గీకరించేవాళ్ళ పోస్టే. రిటైరైనవాళ్ళ చోట ఇంకొకరిని వెయ్యరు. పైగా మీ బెన్నెట్ గారు నడిపిన ప్రభుత్వ నేల సంరక్షణ సంస్థే నేల కోత ఆపడానికి కుడ్జు తీగ నాటమని రైతులకు డబ్బిచ్చి మరీ చెప్పింది. అది చెట్లనే కప్పేసింది. 1953కి ప్రభుత్వమే దాన్ని నాటదగ్గ మొక్కల జాబితాలోంచి తీసేసింది.

నేలశాస్త్ర ప్రొఫెసర్: చూశారా! కలిపి చదవలేదు కాబట్టే కుడ్జు! మేడమ్ నా వాదనే బలపరిచారు.

వృక్షశాస్త్ర ప్రొఫెసర్: నేను అనలేదండీ ఆ మాట...

(నవ్వులు. ఇక్కడి నుంచి అర నిమిషం ఎవరి మాటా తెలియలేదు.)

యాంకర్: వన్యప్రాణుల వైపు వద్దాం. కెమెరా ట్రాప్‌లు, ఏఐ. జంతువుల్ని కూడా యాప్ లెక్కపెడుతోందిగా?

వన్యప్రాణి నిర్వహణ అధ్యాపకుడు: లెక్క తేలాక ఏం చేయాలన్నదే మా సబ్జెక్టు. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ, మా సబ్జెక్టుకు పునాది వేసిన ఆల్డో లియోపోల్డ్‌కు ప్రొఫెసర్ పదవి ఇచ్చింది అందుకే. వేటాడే జంతువు పోతే జింకలు పెరుగుతాయి, మొలకలు మేసేస్తాయి, దాంతో అడవిలో కొత్త చెట్లు...

యాంకర్: అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు తోడేళ్ళు! 1995లో మళ్ళీ తెచ్చి వదిలారు, నదుల దారే మారిందంటారు, నిజమేనా?

వన్యప్రాణి నిర్వహణ అధ్యాపకుడు: అంత సూటిగా కాదు. ఎల్క్‌లు, అంటే అక్కడి పెద్ద జింకలు, తగ్గాయి. కొన్ని చోట్ల విల్లో చెట్లు మళ్ళీ పెరిగాయి. అందులో తోడేళ్ళ వాటా ఎంతన్న దానిపై శాస్త్రవేత్తల మధ్యే వాదన నడుస్తోంది. వాగులకు అడ్డుకట్టలు కట్టే బీవర్లు లేకపోవడం, నీటిమట్టం...

నేలశాస్త్ర ప్రొఫెసర్: నీటిమట్టం అంటే మళ్ళీ నేలే! ఎటు తిరిగినా నేల దగ్గరికే రావాలి.

(తోడేళ్ళ మీదే ఇంకో నాలుగు నిమిషాలు నడిచింది. కొత్త విషయం లేదు కాబట్టి వదిలేశాం.)

వృక్షశాస్త్ర ప్రొఫెసర్: నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. హెర్బేరియం భవనం, సిబ్బంది జీతాలు ఎవరు భరించాలి? శాఖలు కలిపితే ఆ పద్దు ఏ శాఖది?

యాంకర్: మంచి ప్రశ్న. ఒక్క ముక్కలో, యాప్ చాలదంటారా?

వృక్షశాస్త్ర ప్రొఫెసర్: నేను అడిగింది అది కాదు...

యాంకర్: టైమ్ లేదు మేడమ్. ప్రొఫెసర్ గారూ, చివరి మాట మీదే.

నేలశాస్త్ర ప్రొఫెసర్: ఇప్పటిదాకా ముగ్గురం ఒప్పుకున్నది ఏంటంటే...

వన్యప్రాణి నిర్వహణ అధ్యాపకుడు: ఎవరు ఒప్పుకున్నారు?

యాంకర్: విరామం తర్వాత వాతావరణం.