కన్ను ముందు, వేలు వెనక

అందరికీ నమస్కారం. ఇందాక టీ తాగుతుంటే ఒకావిడ నన్ను అడిగారు, యాభై దాటాక మనల్ని ఎవరు పనిలో పెట్టుకుంటారమ్మా అని. రాసుకొచ్చింది పక్కన పెట్టి ఆవిడ ప్రశ్నకే జవాబు చెబుతాను.

పదో తరగతి సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. కొత్తలో చిటికెన వేలు కీల మధ్య ఇరుక్కుని తోలు లేచిపోయేది. మాస్టారు మాత్రం వేళ్ల వంక చూడనిచ్చేవారు కాదు, కాగితం చూడు, కాగితం చూడు అనేవారు. లోయర్, హయ్యర్ పాసై, ఆ వేళ్లతోనే ఇన్నేళ్లు బతికాను. ఇప్పుడు నాకు 58. డాక్యుమెంట్ రైటర్ గారి దగ్గర దస్తావేజులు టైపు చేస్తాను. నా పక్క కుర్చీలో 24 ఏళ్ల అమ్మాయి ఉంది, చురుకైన పిల్ల. ఒకే కీ గబగబా కొట్టమంటే తన ముందు నేను ఆగలేను. కానీ పూర్తి దస్తావేజు ఇస్తే ఇద్దరం ఇంచుమించు ఒకేసారి ముగిస్తాం.

ఎలాగా అంటే, టిమొతీ సాల్ట్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 19 నుంచి 72 ఏళ్ల దాకా టైపిస్టుల్ని పరీక్షించి 1984లో ఆ ఫలితాలు ప్రచురించారు. పెద్దవాళ్ల వేళ్లు నెమ్మదించాయి, అయినా టైపు వేగం తగ్గలేదు, ఎందుకంటే వేలు ఒక అక్షరం మీద ఉండగానే వాళ్ల కన్ను కుర్రవాళ్ల కన్నా ఎక్కువ అక్షరాలు ముందుకు వెళ్లిపోతోంది. మా మాస్టారి మాటే కదా ఇది!

పోయిన వేసవిలో ఒక ఇంటిస్థలం అమ్మకం దస్తావేజు కొడుతున్నాను. చెక్కుబందీలో, అంటే స్థలం నాలుగు హద్దులు రాసేచోట, తూర్పు: పంచాయతీ రోడ్డు అని ఉంది. నా వేళ్లు ఇంకా సర్వే నంబరు దగ్గరే ఉన్నాయి, కన్ను మాత్రం చెక్కుబందీ దాటి పక్కనున్న లింకు డాక్యుమెంటు, అంటే అదే స్థలం పాత దస్తావేజు మీదికి పోయింది, అందులో రోడ్డు పడమర ఉంది. ఆపేశాను. రైటర్ గారు పార్టీలకి ఫోన్ చేస్తే, రాసిచ్చినవాళ్లు దిక్కులు తారుమారు చేశారని తేలింది. అలాగే రిజిస్టర్ అయిపోయుంటే మళ్లీ సవరణ దస్తావేజు, మళ్లీ ఖర్చు, అన్నదమ్ముల మధ్య గొడవ కూడా వచ్చేదేమో. ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు, ఇలాంటి తేడాలు నేను వందల్లో చూశాను, తను ఇంకా చూడలేదు, అంతే.

అదే పరీక్షలో ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. ముందున్న అక్షరాలు కనబడకుండా మూసి, కొన్నికొన్నే చూపిస్తే పెద్దవాళ్ల వేగం ఎక్కువగా పడిపోయింది. మనకీ అంతే. పని ముక్కలు చేసి, ఇది చెయ్యి, తర్వాత చెబుతాం అంటే మన అనుభవం ఎందుకూ పనికిరాదు, నెమ్మది మనిషి అన్న పేరు మాత్రం వస్తుంది. అందుకే పనికి పిలిచినవాళ్లని మొహమాటపడకుండా అడగండి, కాగితాలన్నీ ముందు ఒకసారి చూపించమని. నేను ప్రతి దస్తావేజుకీ ముందు ఓ పది నిమిషాలు అడిగి తీసుకుంటాను.

కొత్త పనిలో మాత్రం ఈ లాభం వెంటనే రాదు, ఫోన్‌లో డబ్బు పంపడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. మీ చేతిలో ఏళ్లుగా నలిగిన పని ఏదో దాని దగ్గరే మొదలుపెట్టండి.

అమ్మా, ఇందాక అడిగిన మీరే, ఇరవై ఏళ్లు డ్వాక్రా గ్రూపు లెక్కలు రాశానన్నారు కదా. ఆ పుస్తకాలు పట్టుకుని ఆదివారం మా ఇంటికి రండి, కూర్చుని చూద్దాం.