టీవీ తెరను చూసి తీసిన సిండరెల్లా

సభకు నమస్కారం.

1957 మార్చి 31, ఆదివారం రాత్రి 8 గంటలకు న్యూయార్క్ నుంచి అమెరికన్ టీవీ సంస్థ సీబీఎస్ 'సిండరెల్లా'ను ప్రత్యక్ష ప్రసారం చేసింది. గంటన్నర కార్యక్రమం. సంగీతం రిచర్డ్ రోజర్స్, మాటలూ పాటలూ ఆస్కార్ హామర్‌స్టైన్. ఈ జంట టీవీ కోసమే రాసిన సంగీత నాటకం ఇదొక్కటే. సిండరెల్లాగా వేసింది జూలీ ఆండ్రూస్. చూసినవాళ్లు 10 కోట్లకు పైనేనని అంచనా. 2004 డిసెంబరులో పీబీఎస్ అనే మరో అమెరికన్ టీవీ సంస్థ చూపేదాకా మామూలు ప్రేక్షకుడికి అది మళ్లీ అందలేదు.

ఇప్పుడు డీవీడీ పెట్టి "ఇంత మసకగా ఉందేమిటి" అని పక్కన పడేసేవాళ్లున్నారు. తప్పు నాటకానిది కాదు. ఆనాడు వెళ్లింది రంగుల ప్రసారం. మనకు మిగిలింది కినెస్కోప్, అంటే టీవీ మానిటర్ ఎదుట ఫిలిం కెమెరా పెట్టి తీసిన నలుపు తెలుపు ప్రతి. వీడియో టేపు అప్పటికి కొన్ని నెలల కిందటే వాడకంలోకి వచ్చింది, అదీ రంగులు పట్టేది కాదు.

చిక్కు లెక్కలో ఉంది. టీవీ బొమ్మ సెకనుకు 60 ఫీల్డులు (ఫీల్డంటే గీత విడిచి గీతగా గీసిన సగం బొమ్మ), ఫిలిం 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులే పడతాయి, మరో అర ఫీల్డు కాలం ఫిలిం జరగడానికి పోతుంది. అలా సెకనుకు 12 ఫీల్డుల చిత్రం గల్లంతు. నాట్యంలో గౌను గిర్రున తిరిగినప్పుడు కనిపించే కుదుపు అందుకే. షట్టర్ సరిగ్గా కుదరకపోతే ఫీల్డులు అతుక్కున్నచోట అడ్డంగా ఒక చార కూడా పడుతుంది.

ఇక ఈ ప్రసారం జరిగిన స్టూడియో 72. బ్రాడ్‌వేలో 81వ వీధి దగ్గర, చిన్నది. నాలుగు రంగుల కెమెరాలు. ఒక్కోటి వంద కిలోలకు పైన బరువు, లోపల మూడేసి కెమెరా ట్యూబులు. వాటికి విపరీతమైన వెలుతురు కావాలి, మూడు ట్యూబుల బొమ్మలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ అంచుల్లో రంగులు విడిపోతాయి. వాద్యబృందం వేరే గదిలో. మన పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే పద్యం మళ్లీ అందుకుంటారు. ఇక్కడ గడియారం ఒప్పుకోదు. అందుకే ముందుగా రెండుసార్లు మొత్తం ఆడి కినెస్కోప్ తీసుకున్నారు. కొత్త నాటకాలను మొదట ఆడిచూసే ఊళ్ల పేర్లే, న్యూ హేవెన్, బోస్టన్ అని, వాటికి పెట్టుకున్నారు.

ఈ ఇరుకే దర్శకుడు రాల్ఫ్ నెల్సన్‌కు కలిసొచ్చిందని నా అభిప్రాయం. సిండరెల్లా మూలన కుర్చీలో కూర్చుని ఊహల్లో తేలిపోతూ పాడే పాట చూడండి. కదలిక తక్కువ, ముఖమే సర్వస్వం. కినెస్కోప్‌లో చెడని చోటు అదే. రాజభవనంలో నాట్యాల విందు (బాల్) సన్నివేశానికి మాత్రం గుంపు ఎక్కువ, చోటు తక్కువ.

1965లో లెస్లీ ఆన్ వారెన్‌తో రంగుల టేపు మీద మళ్లీ తీశారు. అది శుభ్రంగా ఉంటుంది, కానీ ఈ బిగువు లేదు.

చూసేటప్పుడు టీవీలో మోషన్ స్మూతింగ్ అనే సెట్టింగును ఆపేయండి. పోయిన కదలికను అది ఊహించి పూరించబోయి గౌను అంచుల్ని అలికేస్తుంది. బొమ్మను పాత టీవీల 4:3 ఆకారంలోనే ఉంచండి, సాగదీస్తే ముఖాలు వెడల్పవుతాయి. వాద్యాల సొంపు వినాలంటే కొలంబియా రికార్డు కంపెనీ వేసిన ఈ పాటల ఆల్బమ్ విడిగా పెట్టుకోండి. దాన్ని ప్రసారానికి ముందే, స్టీరియోలో కూడా, రికార్డు చేశారు.