తాతగారి తుపాకీకి ఇత్తడి పూస

నమస్కారమండి. ఇవాళ ఆవగింజ కంటే కాస్త పెద్దదైన ఒక వస్తువు గురించి చెప్తాను. మా తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకీ కొసన ఉండే ఇత్తడి పూస, గురి కోసం పెట్టేది.

ఇంగ్లండ్‌లో తయారైన 12 బోర్ అది. 12 అంటే అంగుళాలు కాదండి, ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావు వస్తుందో గొట్టం లోపల అంత, దాదాపు 18.5 మిల్లీమీటర్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మానేశారు, లైసెన్సు నాన్నగారి పేరు మీదకి మారింది, తుపాకీ బీరువాలోనే ఉంటుంది. మొన్న వేసవిలో నూనె గుడ్డతో తుడుస్తుంటే కొసన వేలికి గరుగ్గా తగిలింది, చూస్తే పూస తల విరిగిపోయి మర ముక్క లోపలే ఇరుక్కుని ఉంది.

పట్టకారుతో లాగేద్దామనుకున్నా, నాన్నగారు వద్దన్నారు. మన దేశంలో తుపాకీ రిపేరు పని చెయ్యాలన్నా ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి కాబట్టి, కాగితాలన్నీ పట్టుకుని అలాంటి మేస్త్రీ దగ్గరకే వెళ్ళాం.

పెద్దాయన ముందు తుపాకీ తెరిచి రెండు గొట్టాల్లోంచి వెలుతురు చూశాడు, ఖాళీ అని తేలాకే పని. కాస్త వేడి చేస్తే ఊడొస్తుందేమో కదండీ అన్నాను. "వద్దు బాబూ, ఈ గొట్టాల మధ్య పట్టీ టంకంతో అతికించింది, మంట తగిలితే పూస సంగతి దేవుడెరుగు, పట్టీయే లేచిపోద్ది" అన్నాడు. నిజమే, తగరం సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది. రెండు చుక్కలు నూనె వేసి రాత్రంతా వదిలేశాడు. మర్నాడు ఎడమవైపు తిరిగే సన్నటి డ్రిల్లు బిట్టు పెట్టాడు, మర విప్పే దిక్కూ అదే కదా, బిట్టు కొరుకుతూనే ముక్కని బయటికి తిప్పేసింది. ఎంత ముద్దొచ్చిందో ఆ పనితనం!

అమెరికన్ తుపాకీలకి 6-48, 3-56 సైజు పూసలు రెడీగా దొరుకుతాయి, 6 అన్నది మర లావు నంబరు, 48 అంటే మర మీద అంగుళానికి 48 చుట్లు. మా దానికి అవేవీ పట్టలేదు. తుపాకీలో ఉన్న పాత మర చుట్లని పాడుచెయ్యనని చెప్పి ఆయన వాటికి సరిపోయేలా ఇత్తడి కడ్డీని లేత్ మీద పెట్టి పూసే కొత్తగా చేశాడు. ఎర్రగా మెరిసేది పెట్టిద్దామన్నాడు తమ్ముడు. నాకది నచ్చలేదు, ఎగిరేదాన్ని కొట్టేటప్పుడు కన్ను దాని మీదే ఉండాలి, పూస మరీ మెరిస్తే చూపు వెనక్కి లాగేస్తుంది, తుపాకీ ఆగిపోతుంది, దెబ్బ వెనకబడుతుంది.

పట్టీ లేని సింగిల్ బ్యారెల్ ఉన్నవాళ్ళు ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి, అందులో పూస మర గొట్టం లోపలికే దిగుతుంది. బిగించాక కొన నూలు పోగంత కూడా లోపలికి పొడుచుకు రాకూడదు, వస్తే ఆకురాయితో అరగదీయించి, లైటు వేసి చూసుకున్నాకే ఇంటికి తెచ్చుకోండి.

మా పూస ఇప్పుడు పచ్చగా ఉంది. నాన్నగారు దాన్ని తుడవనివ్వట్లేదు, పాతది ఎంత నల్లబడిందో ఇదీ అంత నల్లబడనీ అంటున్నారు.