ఫ్లైవీల్ పళ్లు లెక్కపెట్టారా?

దృశ్యం: గ్యారేజీలో 1969 షెవర్లే కమారో కారు, బానెట్ లేపి ఉంది. తాళం తిప్పిన చప్పుడు. సెల్ఫ్ వీయ్‌మని ఒంటరిగా తిరుగుతుంది. ఇంజిన్ కదలదు.

విన్నారా? బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫ్‌లో లోపం లేదు. కొత్త ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే పళ్ల చక్రం), కొత్త క్లచ్ వేసి, గేర్‌బాక్స్ ఎక్కించి, నడుం పట్టేసి లేచి తాళం తిప్పితే నాకు వినిపించింది ఇదీ. గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సి వచ్చింది. రెండు వారాంతాలు గాలికి పోయాయి.

తప్పు నాదే. "69 కమారో, 350 ఇంజిన్, నాలుగు గేర్లు" అని చెప్పి ఫ్లైవీల్ కొన్నాను. 350 అంటే ఇంజిన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో. యాభై ఏళ్లు దాటిన బండి అండీ ఇది! ఈలోపు ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ ఇంజిన్ దించి ఏది ఎక్కించారో ఎవరికి తెలుసు? కాగితాల్లో ఉన్న బండి వేరు, బానెట్ కింద ఉన్న బండి వేరు. అందుకే ఫ్లైవీల్‌ని బండి పేరు చెప్పి కొనకూడదు, కారు కింద దూరి ఏముందో చూసుకుని కొనాలి.

దృశ్యం: బల్ల మీద రెండు ఫ్లైవీల్స్ పక్కపక్కనే. ఒక పన్నుకి సుద్దముక్కతో గీత.

నా 350 షెవర్లే స్మాల్ బ్లాక్ రకం వీ8 ఇంజిన్. దీనికి రెండు సైజుల ఫ్లైవీల్స్ వస్తాయి. చిన్నదానికి 153 పళ్లు, అడ్డంగా కొలిస్తే పన్నెండు ముప్పావు అంగుళాలు. పెద్దదానికి 168 పళ్లు, సుమారు 14 అంగుళాలు. ఇలా ఒక పన్నుకి సుద్ద గీసి, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. మధ్యలో ఫోన్ వస్తే మళ్లీ మొదటికే, నాకు అనుభవం.

సెల్ఫ్ ముక్కు కూడా దీన్ని బట్టే ఉంటుంది. 153 పళ్లకి వచ్చే సెల్ఫ్‌లో రెండు బోల్టులూ సమానంగా ఒకే వరసలో ఉంటాయి. 168కి వచ్చేదానిలో ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. నా బండిలో ఉన్నది 168 సెల్ఫ్, నేను వేసింది 153 ఫ్లైవీల్. పినియన్ (సెల్ఫ్ చివరి చిన్న పళ్ల చక్రం) ముందుకు దూకుతోంది కానీ పళ్లకి అర అంగుళం పైనే ఎడం ఉండిపోయింది. అందదు కదా మరి! సెల్ఫ్ మార్చేస్తే పోతుంది అనుకుంటారేమో, కొన్ని పాత బ్లాకుల్లో ఒక రకం సెల్ఫ్‌కే రంధ్రాలుంటాయి. ముందు బ్లాక్ చూడండి.

ఫ్లైవీల్‌నీ క్లచ్‌నీ కప్పే డొప్ప, బెల్ హౌసింగ్, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాని మీద పోత నంబర్ ఉంటుంది. చివరి మూడంకెలు 403 అయితే చిన్నది, 621 అయితే పెద్దది. చిన్నదానిలో 14 అంగుళాల ఫ్లైవీల్ పట్టదు. చిన్న ఫ్లైవీల్‌కి 10.4 అంగుళాల క్లచ్, పెద్దదానికి 11 అంగుళాలది. పెద్ద ఫ్లైవీల్స్ చాలావాటిలో రెండు క్లచ్‌లకీ రంధ్రాలు వేసి ఉంటాయి.

దృశ్యం: ఫ్లైవీల్ వెనక వైపు. అంచు దగ్గర ఒక పక్కనే ఉబ్బుగా ఉన్న బరువు మీద వేలు.

ఇప్పటిదాకా చెప్పిన తప్పులు చేస్తే బండి స్టార్ట్ అవదు, అంతే. ఇక్కడ తప్పు చేస్తే మాత్రం స్టార్ట్ అవుతుంది, తర్వాత ఇంజిన్‌ని తినేస్తుంది. పాత 350కి బ్యాలెన్స్ అంతా లోపల ఇంజిన్ ఇరుసు, అంటే క్రాంక్‌లోనే ఉంటుంది, ఫ్లైవీల్‌కి అదనపు బరువు ఉండదు. 400 స్మాల్ బ్లాక్‌కి అలా కాదు, ఫ్లైవీల్ మీద ఇదిగో ఇలా బరువు ఉండాలి. చిక్కేమిటంటే రెండిటికీ బోల్టు రంధ్రాలు ఒకటే. 400 ఫ్లైవీల్ 350కి చక్కగా కూర్చుంటుంది, ఎక్కడా అనుమానం రాదు. 1986 నుంచి వచ్చిన 350కి వెనక సీల్ మారి, బోల్టుల వలయం 3.58 అంగుళాల నుంచి 3 అంగుళాలకి తగ్గింది. దానికి పాత ఫ్లైవీల్ బిగించబోతే అసలు పట్టదు. నన్నడిగితే పట్టకపోవడమే మేలు.

ఫోర్డ్ వాళ్లకి ఇదే తలనొప్పి ఇంకో రూపంలో ఉంది. పాత ముస్తాంగ్ 302 ఇంజిన్‌కి 28 ఔన్స్ అంగుళాల బరువు కావాలి, 1980ల 5.0 లీటర్ల ఇంజిన్‌కి 50. అంటే కేంద్రం నుంచి అంగుళం దూరంలో 28 ఔన్సులు వేలాడుతున్నట్టు లెక్క. 28కి బదులు 50 వేస్తే తేడా 22 ఔన్సులు, అంటే 620 గ్రాముల పైమాట. అంతేనా అనకండి. 3000 ఆర్‌పీఎంలో అది సుమారు 160 కిలోల బలంతో క్రాంక్‌ని గుంజుతుంది, నిమిషానికి మూడు వేలసార్లు దిక్కు మార్చుకుంటూ! వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లు. ముందు స్టీరింగ్ వణుకుతుంది, ఆ తర్వాత బేరింగులు పోతాయి.

దృశ్యం: క్లచ్ ప్లేట్‌ని చేత్తో మన్సీ గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదకి తోస్తారు. సాఫీగా జారుతుంది.

క్లచ్ ప్లేట్ కొన్న రోజే ఈ పని చేయండి. 1970 దాకా వచ్చిన మన్సీల్లో ఎక్కువ వాటికి షాఫ్ట్ మీద 10 గాడులు, 1971 నుంచి 26. షాఫ్ట్ లావు రెండిటికీ ఒకటే, కాబట్టి కంటికి తేడా సరిగ్గా తెలియదు. చేత్తో జార్చి చూస్తే క్షణంలో తేలిపోతుంది. పెడల్ తొక్కితే ప్రెజర్ ప్లేట్‌ని నొక్కి క్లచ్‌ని వదిలించే రిలీజ్ బేరింగ్ కూడా చూసుకోండి. ప్రెజర్ ప్లేట్ వేళ్లు వంగి ఉంటే పొట్టి బేరింగ్, చదునుగా ఉంటే పొడుగు బేరింగ్. తారుమారైతే పెడల్ ఎంత సర్దినా కుదరదు.

బరువు గురించి చాలామంది అడుగుతున్నారు. మామూలు పోత ఇనుము ఫ్లైవీల్ 13, 14 కిలోలు ఉంటుంది, అల్యూమినియంది దాదాపు సగం. తేలికదైతే ఆర్‌పీఎం గబుక్కున లేస్తుంది, నిజమే. కానీ సిగ్నల్ దగ్గర బండి కదిలించాలంటే హాఫ్ క్లచ్ మీద బతకాలి. రోడ్డు మీద తిప్పుకునే బండికి బరువైనదే నాకిష్టం. రేసుకి తీసుకెళ్లేవాళ్లు మాత్రం పాత పోత ఇనుముది వాడొద్దు, ఎక్కువ వేగంలో పగిలితే ముక్కలు కారు నేలని చీల్చుకొస్తాయి. ఎస్ఎఫ్ఐ 1.1 (రేసు విడిభాగాల భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్న స్టీలుది తీసుకోండి.

దృశ్యం: 168 పళ్ల ఫ్లైవీల్ బిగించి ఉంది. ప్లేట్ మీద అచ్చు వేసిన "ఫ్లైవీల్ వైపు" అన్న అక్షరాలు దగ్గరగా.

ఈ అక్షరాలు ఇంజిన్ వైపే చూడాలి. తిరగేసి బిగిస్తే క్లచ్ వదలదు. నవ్వకండి, రెండోసారి గేర్‌బాక్స్ దించిన రోజు రాత్రి పదకొండింటికి అలసటలో నేను ఆ పనికీ సిద్ధపడ్డాను. మా ఆవిడ టార్చి పట్టుకుని నిలబడి, "అక్కడేదో రాసుంది, చదివావా?" అంది.

దృశ్యం: తాళం తిరుగుతుంది. ఇంజిన్ అందుకుంటుంది.