క్యాజువాల్టీకి తీసుకువెళ్ళవలసిన కాగితం

సభకు, తోటి స్టోమా మిత్రులకు, వారి ఇంటివారికి నమస్కారం.

అల్సరేటివ్ కొలైటిస్ ముదిరి, ఆరేళ్ళ క్రితం నాకు పెద్దప్రేగు తీసివేసి, మలద్వారం మూసి, చిన్నప్రేగు కొసను పొట్ట మీద కుడివైపుకు తెచ్చి కుట్టారు. ఆ ద్వారమే స్టోమా; మలం దాని మీద అంటించుకున్న బ్యాగులోకి వస్తుంది. నిరుడు ఒక మధ్యాహ్నం, మునక్కాడల పులుసు రుచికి లొంగి పిప్పి కూడా మింగిన పాపానికి, సాయంత్రం నుంచి బ్యాగులోకి చుక్క రాలేదు. పొట్ట మెలిపెడుతూ వాంతులు మొదలయ్యాయి. నాలుగైదు గంటలు ఇలాగే ఉంటే అది వాము నీళ్ళతో తగ్గే వ్యవహారం కాదు గనుక క్యాజువాల్టీకి వెళ్ళాము.

అక్కడ నలుగురికి నాలుగుసార్లు నా కథ చెప్పుకున్నాను. నలుగురూ ముందుగా అడిగింది ఒక్కటే: "విరేచనం ఎప్పుడయింది?" చివరికి డ్యూటీ డాక్టరు గారు ఎనిమా రాశారు. మలద్వారమే లేని మనిషికి ఎనిమా! మా ఆవిడ నా చొక్కా పైకెత్తి చూపించాక గానీ ఆ చీటీ చిరగలేదు. సెలైన్ ఎక్కుతుండగా, తెల్లవారుజామున అడ్డు తొలగి ఒక్కసారిగా పొంగిన ద్రవానికి, బ్యాగును చర్మానికి అంటిపెట్టి ఉంచే ఫ్లాంజ్ ఊడిపోయింది. ఆస్పత్రి మందుల షాపులో మూత్రం సంచులే ఉన్నాయి. దూది, పాత తువ్వాలు చుట్టుకొని పడుకున్నాను.

ఆ రాత్రి నాకు వచ్చిన కోపం న్యాయమైనదే, కానీ దానివల్ల ఒక్క పనీ జరగలేదు. స్టోమాను అరుదుగా చూసే వైద్య సిబ్బందికి, నొప్పితో మెలికలు తిరుగుతూ మనం చెప్పే మాటల కంటే రాసి ఉన్న కాగితం మీద నమ్మకం ఎక్కువ. అందుకే ఇప్పుడు నా సంచిలో ఒక కాగితం ఉంటుంది. ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ ప్రేగు మిగిలిందో, ఎనిమా గానీ విరేచనాల మందు గానీ ఎందుకు పనికిరావో, నెమ్మదిగా కరిగే మాత్రలు కరగకుండానే బ్యాగులోకి ఎలా వచ్చేస్తాయో అందులో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంటుంది. దానితోపాటు రంధ్రం కత్తిరించి ఉంచిన రెండు బ్యాగులు పెట్టుకుంటాను. ఒకదానికి మామూలుగా స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా, రెండవదానికి ఇంకొంచెం పెద్దగా కత్తిరిస్తాను, ఎందుకంటే ప్రేగు అడ్డుపడినప్పుడు స్టోమా వాస్తుంది.

ఈ వేసవిలో ఇబ్బంది తలకిందులైంది: బ్యాగులోకి రోజుకు లీటరున్నర దాటి పోసాగింది. దాహానికి మంచినీళ్ళే తాగుతూపోతే ఒంట్లోని ఉప్పు ఇంకా పోతుంది గనుక ఓఆర్ఎస్ తాగాను. అయినా కళ్ళు తిరగడంతో మళ్ళీ క్యాజువాల్టీ మెట్లెక్కాను. ఈసారి నోరు విప్పకముందే కాగితం అందించాను. నర్సమ్మ నిలబడే చదివి, సోడియం, క్రియాటినిన్ పరీక్షలకు రక్తం తీస్తూ అడిగింది: "బ్యాగులోకి ఎంత వస్తోందండీ?"