అది మట్టి కాదమ్మా

హెడ్మాస్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, ఎండలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, ఏమనుకోకండి. ఆటల పోటీల ప్రైజులివ్వమని పిలిచారు. ఇస్తాను, కానీ ముందు మా మనవడి మెడ గురించి చెప్పాలి.

నవ్వకండి. వాడికి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళుగా మెడ వెనక నల్లగా, మందంగా, ముట్టుకుంటే వెల్వెట్ గుడ్డలా ఉండేది. మా ఆవిడ ప్రతి ఆదివారం పీట మీద కూర్చోబెట్టి శనగపిండి, పెరుగు కలిపి, నిమ్మచెక్కతో రుద్దేది. మెడ ఎర్రగా కందేదే గానీ నలుపు వదిలేది కాదు. చిత్తూరులో ఒక పెళ్ళికి పోతే ఎవరో పెద్దావిడ అందరి ముందరా "ఏం నాయనా, మెడ కడుక్కోవా?" అనేసింది. ఆ రోజు నుంచి వాడు మే నెలలో కూడా కాలరు గుండీ తీయలేదు.

తర్వాత ఒకసారి నా షుగర్ చూపించుకోవడానికి పోతూ బండి మీద వీణ్ణీ తీసుకెళ్ళా. డాక్టరమ్మ నా ఫైలు పక్కన పెట్టేసి, "బాబు మెడ ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?" అంది. అది మట్టి కాదట! ఒంట్లో షుగర్ని అదుపులో పెట్టే ఇన్సులిన్ సరిగా పని చేయక, ఇంకా ఇంకా ఊరుతూ ఉంటే చర్మం ఇలా నల్లబడుతుందట. టెస్టు చేయిస్తే పరగడుపు షుగర్ 112. వందలోపు ఉండాలి, 126 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ జబ్బే, ఈ మధ్యలో ఉన్నదాన్ని ప్రీడయాబెటిస్ అంటారు. నాకు యాభై దాటాక వచ్చింది వాడి గుమ్మం దగ్గరికి పద్నాలుగేళ్ళకే వచ్చి నిలబడింది.

దీంతో పాటు రక్తంలో కొవ్వు, బీపీ కూడా పెరుగుతూ వస్తే గుండె రక్తనాళాల్లో పూత మొదలవుతుంది. నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెల్ని కోసి చూసి 1953లో డాక్టర్లు రాశారు. సగటు వయసు 22, నాలుగింట మూడు వంతుల మందికి అప్పటికే నాళాలు పాడవడం మొదలైంది. అంతా కుర్రాళ్ళు, సైన్యంలో పరిగెత్తినవాళ్ళు!

తప్పెవరిది అంటే బేకరీ పఫ్ అంటాం, కూల్ డ్రింకు అంటాం. నిజమే, పావు లీటరు బాటిల్లో ఆరు చెంచాల పైనే చక్కెర. కానీ నేను డ్రిల్లు మాస్టారిని. ముప్ఫై ఏళ్ళు చేశాను, ఏ స్కూలో అడగొద్దు. పదో తరగతికి డ్రిల్లు పీరియడ్ వస్తే లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి "సార్, ఈ ఒక్కటీ ఇవ్వండి" అనేవాడు. ఇచ్చేశాను. ఒక్కటి కాదు, ఏడాదంతా ఇచ్చాను, రిజిస్టర్లో మాత్రం "ఆటలు జరిగినవి" అని సంతకం పెట్టాను. లెక్కల్లో మార్కులొచ్చాయి, ఆ పిల్లలకిప్పుడు ముప్ఫై అయిదేళ్ళు, నాకు మందుల షాపులో కనిపిస్తున్నారు.

మొన్న వీణ్ణి అలిపిరి మెట్లెక్కించా. 3,550 మెట్లు. గాలి గోపురం ఇంకా కనబడక ముందే కూలబడి "తాతా, బస్సులో పోదాం" అన్నాడు. తిట్టబోయి ఊరుకున్నా. వాణ్ణి మైదానానికి ఎప్పుడు పంపామని?

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోయాను. హెడ్మాస్టరు గారు వాచీ చూస్తున్నారు, ఇదొక్కటి చూడండి. ఈ ట్వైన్ దారం. పిల్లాడి తల నుంచి మడమ దాకా కొలిచి తుంచండి, సగానికి మడవండి, బొడ్డు దగ్గర నడుముకు చుట్టండి. కొసలు కలవకపోతే పరగడుపున ఒకసారి రక్తం టెస్టు చేయించండి. సన్నగా కనిపించే పిల్లలకూ పొట్ట ఉంటుంది, వాళ్ళనూ కొలవండి. పస్తులు పెట్టొద్దు, ఎదిగే ఒళ్ళు. పక్కింటాయన మాత్రలు అసలే వద్దు. ఈ దశలో పిల్లలు వెనక్కి రాగలరు, మా వాడు రోజూ సాయంత్రం గంటసేపు షటిల్ ఆడుతున్నాడు, మొన్నటి టెస్టులో 101.

నలుగురిలో మాత్రం కొలవొద్దమ్మా, కాలరు గుండీ పెట్టుకునే వయసు వాళ్ళది. దారం ఉండ ఈ బల్ల మీద పెడుతున్నా, ఎవరికి కావాల్సినంత వాళ్ళు తుంచుకుని ఇంటికి పట్టుకుపోండి. కత్తెర కూడా ఉంది. సరే, కబడ్డీ కప్పు ఎవరిది, రండి.